అత్వెల్లిలో చార్జింగ్

12 మే 2013, ఆదివారం. రాత్రి అత్వెల్లిలోనే.

పొద్దున్నే జీడిమెట్ల మెకానిక్ ఫోన్ చేశాడు. "మేడం, మీ కరెంటు కారుకు కొత్త బ్యాటరీలు వచ్చినయ్. ఏసుకుంటే అత్వెల్లి పోయి జల్దీ రావొచ్చు, నడుమల చార్జింగ్ పరేషానే ఉండది."

వచ్చే నెల చూద్దామన్నాను. ఖర్చుకి భయపడ్డానని అనుకుని ఉంటాడు. అనుకోనీ.

కారు కొత్తలో బహదూర్‌పల్లి నుంచి వచ్చి, ఖాసింబీ అమ్మను గుమ్మంలోనే పలకరించి వెనక్కి వెళ్లిపోయేదాన్ని. అంతకుముందు ఆమెదే అయిన ఈ ఇంట్లో మూడేళ్లు అద్దెకున్నాను. ఒక్క పూటా ఒంటరిగా తినలేదు. ఇప్పుడుంటున్న బహదూర్‌పల్లి ఫ్లాటులో తిన్నావా అని అడిగే మనిషే లేదు. ఇప్పుడు పాత బ్యాటరీకి ఇక్కడిదాకా వచ్చే ఓపికే మిగిలింది. నాలుగైదు గంటలు చార్జింగ్ పెడితే గానీ తిరిగి వెళ్లలేను.

ఇవాళ కూడా రాగానే కిటికీలోంచి వైరు లాగి కారుకు పెట్టాను. ఇద్దరం జొన్నరొట్టెలు తిన్నాం. అమ్మ నా తలకు నూనె రాసింది. ఐదింటికి వెళ్లి చూస్తే కారులో చార్జింగ్ ముల్లు కదల్లేదు. లోపలికొచ్చి చూస్తే గోడ మీద స్విచ్ ఆపేసి ఉంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

"కరెంటు పోయినట్టుంది బిడ్డా," అంది ఖాసింబీ అమ్మ, నా మొహం చూడకుండా. "ఇగ యాడికి పోతవ్? పొద్దుగాల పోదువు తియ్యి."

మా నెత్తి మీద ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది.

"పోయినట్టే ఉందమ్మా," అని పక్కన కూర్చున్నాను.