చప్పుడు లేనిదే కావాలి

ఇంజిన్ రూము దొరగారికి,

ఓడలో సిగ్నల్ ఎప్పుడొస్తుందో మీకే తెలియదు కాబట్టి కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. అందినప్పుడు చదవండి. విషయం చిన్నదే, కానీ నా బుర్ర తినేస్తోంది. ఇల్లు తుడిచే ఆ గుండ్రటి రోబో ఒకటి కొనాలి. ఏది కొనాలో తేలడం లేదు.

బొద్దుగాడు పాకడం మొదలుపెట్టాడు. మీరు వెళ్ళేనాటికి వాడు బోర్లా పడితేనే పండగ చేసుకునేవాళ్ళం. ఇప్పుడు వంటింటి గడప దాకా దర్జాగా వెళ్ళొస్తున్నాడు. కుట్టుపని ఉన్న ఇంట్లో నేల సంగతి మీకు వేరే చెప్పాలా? దారపు ముక్కలు, గుడ్డ పేలికలు, ఊడిన గుండీలు. నిన్న వాడి నోట్లోంచి ఎర్రదారం లాగితే, ఇంద్రజాలికుడి రుమాల్లా వస్తూనే ఉంది. అత్తయ్య నవ్వారు గానీ నేను వాడి నోరంతా వేలితో వెతికాను. ఆవిడ మోకాళ్ళు వంగవు. నేనేమో మిషను మీంచి మాటిమాటికీ లేచి ఊడవలేను. పోనీ పాత వాక్యూమ్ బయటికి తీద్దామా అంటే అది విమానం లేచినట్టు అరుస్తుంది. పిల్లాడు లేచాడంటే ఆ పూటకి నా పని అటకెక్కినట్టే.

మన పిచ్చుక పసితనం గుర్తుంది కదా. చీమ చిటుక్కుమన్నా లేచి ఇల్లు పీకి పందిరేసేది. ఆ భయంతోనే వీడు పుట్టకముందే ఇంటి నోరు కట్టేశాను. కాలింగ్ బెల్ వైరు పీకేశాను. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాను. కుట్టుమిషను కింద దుప్పటి మడిచి వేశాను. పడ్డ కష్టానికి ఫలితం దక్కింది. వీడు పడుకున్నాడంటే పడుకున్నట్టే. పక్కింటావిడ వచ్చినప్పుడల్లా "ఏం పెంపకమమ్మా నీది!" అంటుంది. నేను కాస్త పొంగిపోతాను కూడా.

షాపతను రెండు రకాలు చూపించాడు. ఒకటి పలచగా, తెల్లగా ఉంది. "ఇది సోఫా కింద తిరుగుతుంటే పైన కూర్చున్నవాళ్ళకి కూడా తెలీదు మేడమ్" అన్నాడు. రెండోది నల్లటి మొద్దు, గురక పెడుతుంది. కానీ గట్టిదట, దారాలు చుట్టుకుంటే బ్రష్ ఇట్టే ఊడొస్తుందట. "పిల్లలున్న ఇల్లు అంటున్నారు కదా, రెండూ తీసుకెళ్ళి చూడండి. నచ్చనిది వెనక్కిచ్చేయండి" అన్నాడు. రెండూ తెచ్చాను గానీ నల్లదాన్ని పెట్టెలోంచి తీయలేదు. నాకు చప్పుడు లేనిదే కావాలి. కాకపోతే ఆ తెల్లదానికి దారాలు లాగేంత దమ్ముందా అని అనుమానం.

ఇది రాస్తూ రాస్తూ మళ్ళీ లేచి వెళ్ళి వాణ్ణి చూసొచ్చాను. ఈమధ్య ఇదే వరస. ఊపిరి బాగానే ఆడుతుంటుంది, బుగ్గలు వెచ్చగానే ఉంటాయి. అయినా నిలకడగా కూర్చోలేను. ఏదో తేడాగా ఉంది. ఏమిటో చెప్పమంటే మాత్రం చెప్పలేను. అత్తయ్యతో అంటే "పిల్లాడు పడుకుంటే కూడా బెంగేనా నీకు?" అని కసిరారు.

ఇంకో సంగతి. పిచ్చుక బళ్ళో నోరు విప్పడం లేదట. టీచరు నన్ను పిలిపించి, "పాప అన్నీ గుసగుసగానే చెబుతుందండీ, గొంతులో ఏమైనా ఇబ్బందా?" అని అడిగింది. కళ్ళు తెరిచింది మొదలు కిచకిచలాడుతుందనే కదా మీరు ఆ పేరు పెట్టింది!

అడగకూడదనుకుంటూనే అడుగుతున్నాను. సెలవు ఇంకా మిగిలుండగానే ఎందుకు ఓడ ఎక్కేశారు? కంపెనీ పిలిచిందన్నారు. ఆ ఫోను ఎప్పుడొచ్చిందో నేనైతే ఎరగను.

మీ దర్జీ

*

దర్జీగారికి,

ముందు రోబో సంగతి. చప్పుడు ఇంతేనని పెట్టె మీద రాసిన అంకెలు నమ్మకు. ఇంజిన్ రూములో మేం చెవులు మూసుకునే పని చేస్తాం. ఆ హోరులో ఏ యంత్రం గోడూ విడిగా వినపడదు. పంపు బాగుందో లేదో దాని మీద అరచెయ్యి ఆనించి చూస్తాం. లోపల ఏదైనా అరగడం మొదలైతే చెవికన్నా ముందు చేతికే తెలుస్తుంది. నువ్వూ రెండూ నడిపించి పైన చెయ్యి పెట్టు. వణుకు సమంగా ఉన్నది మంచిది, తుళ్ళి తుళ్ళి పడేది వద్దు. నీ దారాలకి ఊడొచ్చే బ్రష్ ఉండాల్సిందే. మెట్ల అంచున ఆగుతుందో లేదో పిచ్చుక బడికెళ్ళినప్పుడు చూడు. దాని కళ్ళబడిందంటే బొమ్మలన్నిటినీ ఎక్కించి ఊరేగిస్తుంది.

ఇక నీ రెండో ప్రశ్న. కంపెనీ పిలవలేదు. నేనే పిలిపించుకున్నాను.

ఏళ్ళ తరబడి ఇంజిన్ల మధ్య అరిచి అరిచి నా గొంతు ఇలా తయారైంది. తగ్గించమంటే నాకు చేతకాదు. "ఏమోయ్" అంటే చాలు, పెదాల మీద వేలు పెట్టుకుని నువ్వు పరుగెత్తుకొచ్చేదానివి. నిన్ను చూసి పిచ్చుక, మీ ఇద్దర్నీ చూసి అమ్మ. నా ఇంట్లో నేనే దొంగలా మునివేళ్ళ మీద నడిచాను. ఒకరోజు బొద్దుగాడు అటు తిరిగి ఆడుకుంటున్నాడు. "ఒరే" అని పిలుద్దామని నోరు తెరిచి, నువ్వొస్తావని మూసేసుకున్నాను. కోపం కాదే. నా గొంతే తెలియకుండా నా కొడుకు పెరుగుతున్నాడన్న బాధ. అది మింగలేక వచ్చేశాను.

పిచ్చుకా నేనూ మాత్రం బాగానే కబుర్లు చెప్పుకున్నాం, సైగలతో. ఇక్కడ ఈ హోరులో మేం మాట్లాడుకునే సైగలే దానికీ నేర్పాను. గొంతు దగ్గర చెయ్యి అడ్డంగా ఆడిస్తే "ఆపు". గుండె మీద అరచేత్తో తడితే "అంతా బాగా నడుస్తోంది". దానికి గుర్తున్నాయో లేదో అడిగి చూడు.

నీ గావుకేక

*

గావుకేక గారికి,

మీ ఉత్తరం చదివి కుట్టుమిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. మీ గొంతు వాడికి తెలియదన్నారే, ఆ మాట నన్ను ఎక్కడ తాకిందో ఇప్పుడు చెబుతాను. నింపాదిగా చదవండి, మధ్యలో లేచిపోకండి.

పోయిన వారం ఒక మధ్యాహ్నం బొద్దుగాడు ఉయ్యాలలో పడుకున్నాడు. నేను ఒక కోటుకి చేతులు అతుకుతున్నాను. పిచ్చుక ఉన్నట్టుండి నల్లదాన్ని పెట్టెలోంచి తీసి, బొమ్మనెక్కించి, బటన్ నొక్కేసింది. అది రంకె వేసుకుంటూ పిల్లాడి గదిలోకి దూసుకెళ్ళింది. నేను పరుగు. నేను చేరేలోపే దారాలు చుట్టుకుని సరిగ్గా ఉయ్యాల కింద ఆగింది. ఆగి ఊరుకుందా? కీచుమని కూసి, ఇల్లు దద్దరిల్లేలా "బ్రష్ ఇరుక్కుంది! శుభ్రం చేయండి!" అని మొదలుపెట్టింది. ఆపబోతే బటన్ దొరకదు. అది మళ్ళీ మళ్ళీ అదే పాట.

పిచ్చుక భయంతో చెవులు మూసుకుంది. అత్తయ్య వంటింట్లోంచి గిన్నె పట్టుకునే వచ్చేశారు. బొద్దుగాడు మాత్రం కదల్లేదు.

"చూశావా, నా బంగారుకొండ ఎంత బుద్ధిమంతుడో!" అన్నారు అత్తయ్య.

అన్నాళ్ళుగా నన్ను కూర్చోనివ్వని తేడా ఏమిటో అప్పుడు అర్థమైంది. ఆవిడ చేతిలోంచి గిన్నె లాక్కుని, వాడి తల దగ్గరే నేలకేసి కొట్టాను. "నీకేమైనా మతిపోయిందా!" అని అత్తయ్య అరిచారు. వాడు కదల్లేదు. చివరికి నేను వంగి రోబోని లాగబోతే అది మళ్ళీ తిరగబోయి, ఉయ్యాల కాలికి ఆనుకుని గడగడా వణికింది. ఆ వణుకుకి కళ్ళు తెరిచాడండీ. తెరిచి, నన్ను చూసి నవ్వాడు.

చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. వాడికి చాలా తక్కువ వినపడుతుందట. పుట్టినప్పుడు చేసిన పరీక్ష బాగానే వచ్చింది కదా అంటే, ఆ తర్వాత ఎప్పుడో తగ్గి ఉంటుందంది. ఎందుకన్నది ఇంకా పరీక్షలు చేస్తే గానీ తెలియదట. చెవులకి పెట్టే మిషన్లకి కొలతలు తీసుకున్నారు. వాటితో ఎంత అందుతుందో చూసి తర్వాతి మాట మాట్లాడదామంది. "ఇంట్లో ఏ చప్పుడుకీ ఉలిక్కిపడడం లేదని మీకు తెలియలేదా?" అని మెల్లగానే అడిగింది. మా ఇంట్లో చప్పుడే లేదండీ అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు తెలిసింది కదా. వాడితో మాట్లాడండి, పాడండి, మొహం కనపడేలా కూర్చుని చేతులతో కూడా చెప్పండి. ఈ రోజు నుంచే" అంది.

రెండు రోజులు నేను మనిషిని కాలేదు. ఎవరికోసం ఇంటి నోరు కట్టానో వాడికి ఆ నిశ్శబ్దంతో పనే లేదు. దాని బరువంతా మోసింది పిచ్చుకా, మీరూ. పిచ్చుక గొంతు బళ్ళో పోయింది, మీరు ఇల్లే వదిలిపోయారు. ఇది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. మీరు ఎదురుగా ఉంటే తిట్టించుకునేదాన్ని. అంత దూరంనుంచి తిట్టినా మీ గొంతుకి ఇక్కడిదాకా వినపడుతుందేమో, ప్రయత్నించండి.

రోబో విషయం తేలిపోయింది. మీరు చెప్పినట్టే రెండింటి మీదా చెయ్యి పెట్టి చూశాను. తెల్లది నడుస్తోందో నిద్రపోతోందో చేతికి కూడా తెలియలేదు. దాన్ని వెనక్కిచ్చేశాను. షాపతను తెల్లబోయి, "చప్పుడు లేనిదే కావాలన్నారు కదా మేడమ్?" అన్నాడు. "ఇప్పుడు చప్పుడున్నదే కావాలి" అన్నాను. నల్లమొద్దు గదిలోకి రాగానే బొద్దుగాడు నేల మీద రెండు చేతులూ పరిచి ఎదురుచూస్తాడు. పక్కకి రాగానే దాని వీపు మీద అరచెయ్యి వేసి, కిలకిలమంటూ దానితో పాటే పాకుతాడు. మీ కొడుకే, సందేహం లేదు.

ఈ పొద్దున నల్లమొద్దు హాల్లో రంకెలేస్తోంది. పిచ్చుక ఆ హోరుని మించి, ఇల్లెగిరిపోయేలా పాట పాడుతోంది. ఎన్నాళ్ళయిందో దాని గొంతు పూర్తిగా విని! నేను తలుపు దగ్గర నిలబడ్డాను. చెయ్యి దానంతటదే లేచింది, వేలు పెదాల దాకా వచ్చింది. పిచ్చుక నన్ను చూసి టక్కున ఆగిపోయింది. ఆ మొహం చూసి నాకు ప్రాణం పోయినంత పనైంది. చేతిని అక్కడినుంచి దించి, గుండె మీద తట్టాను.

పిచ్చుకకి గుర్తుందండీ. తనూ తట్టింది. బొద్దుగాడు అక్కనీ నన్నూ మార్చి మార్చి చూసి, రోబో మీంచి చెయ్యి తీసి, తన బొజ్జ మీద టపటపా కొట్టుకున్నాడు.

కాలింగ్ బెల్ వైరు మళ్ళీ తగిలించాను. మీరొచ్చినప్పుడు నొక్కండి. లేకపోతే వీధి చివరనుంచే పిలవండి, మీ ఇష్టం.

మీ దర్జీ