గుహలో ఉండిపోయిన మాంత్రికుడు

బావా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ముక్తేశ్వరంలో మీ కొబ్బరి కొట్టు మేడ మీద మళ్లీ మన పాచికల కథాట పెట్టాం, ఒకరు కథ నడిపితే మిగతావాళ్లం తలో పాత్రా ఆడేది. చివరిసారి నువ్వు మా పాత్రలన్నిటినీ గుహలోకి తోలి, రాతితలుపు మూసేసి, "ఎలా తెరుచుకుంటుందో వచ్చే ఆదివారం చెప్తాలే" అన్నావు. ఆ ఆదివారం నువ్వు లేవు.

ఈసారి కథ నడిపింది మన శ్రీను. నీ పాత రూల్సు పుస్తకం పక్కనపెట్టి కొత్త ఎడిషన్ తెరిచాడు.

"ఆయ్, ఇందులో పడిపోయినోడు కూడా పాచికలేసి బతకొచ్చండి. ఓ రాత్రి పడుకుంటే గాయాలన్నీ మానిపోతాయండి."

ఇదే ఎడిషన్ కోసం నీతో నేనెంత పోట్లాడేవాణ్ణో! నువ్వు మాత్రం, "పోయినోడు పోవాలిరా. లేకపోతే ఆటలో భయమేముంది?" అని నవ్వేవాడివి.

కొబ్బరిచిప్పలో పాచికలు గిలకరించి వేశారు. తలుపు తెరుచుకుంది. నా మాంత్రికుడు తప్ప అందరి పాత్రలూ బయటపడ్డాయి. శ్రీను చిప్పని నావైపు జరిపాడు.

"మీ మాంత్రికుడు రాడాండీ?"

"మీరు కానివ్వండి" అన్నాను.

చిప్ప ముట్టుకోలేదు బావా. నా మాంత్రికుడు ఇంకా లోపలే కూర్చున్నాడు. వాడివి పాత రూల్సే.