నెలకో పేజీ

అన్నయ్యకు,

అందరం క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇది చదివి చింపెయ్యి. వదినకు కూడా చూపించకు.

పాత కోర్టును బాగుచేసి పెట్టిన మ్యూజియంలోనే కదా నా పని. జడ్జిగారి గదిలో, అద్దాల పెట్టెలో, సాక్షుల వాంగ్మూలాల పుస్తకం ఒకటి తెరిచి ఉంచుతాం. దస్తూరీ ముత్యాల్లా ఉందని దాన్ని ఎంచింది నేనే. చదవకుండా ఎంచాను, నా ఖర్మ! వెలుతురుకి సిరా వెలిసిపోకుండా నెలకో పేజీ తిప్పాలి. మొన్న ఒకటో తేదీన తిప్పుతూ, ఆ తర్వాతి పేజీ కూడా చూశాను.

అది నాన్న సాక్ష్యం. దర్జీ తన పక్క కొట్టుకు నిప్పంటిస్తుంటే కళ్ళారా చూశానన్నాడు. కింద సంతకం. కొట్లు తగలబడిన రోజు నీకు జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే నాన్న నీ మంచం దగ్గర నుంచి కదల్లేదని నువ్వే ఎన్నిసార్లు చెప్పావు! ఆ దర్జీ జైల్లోనే పోయాడు.

రెండు పేజీలు కలిపి తిప్పేద్దామంటే, దర్జీ కూతురు ప్రతి ఒకటో తేదీనా వచ్చి కొత్త పేజీని నోటుబుక్కులో ఎక్కించుకుంటుంది. "మా నాన్న కేసు ఇంకా రాలేదా అక్కా?" అని నన్నే అడుగుతుంది.

ఒకటో తేదీకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఈలోగా నువ్వు రా.

నాన్నకు నేనేమీ చెప్పలేదు. నా ఉద్యోగం గురించి ఏనాడూ అడగని మనిషి, ఈ పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే, పేపర్లోంచి తలెత్తకుండా అడిగాడు.

"ఎన్నో పేజీకి వచ్చారమ్మా?"

నీ చెల్లెలు