సముద్రం వైపు రాయి

3 ఫిబ్రవరి 1961
కొత్తకోట నుంచి వచ్చి నెలైంది. నలభై మందిమి, పాలమూరు వాళ్లం, సముద్రపు ఒడ్డున షికారు పార్కు కడుతున్నాం. పూలమడులు, బెంచీలు, సముద్రాన్ని ఆనుకుని జనం ఈదడానికి ఉప్పునీటి కొలను. కొలను కట్ట పని మాది. మేస్త్రీ మా బాపు మల్లప్ప. లోకాన్ని మోసేది శ్రమేనని కార్మిక సంఘం పాంప్లెట్లో చదివాను. ఇక్కడ తట్టల్లో కళ్లారా చూస్తున్నాను.

9 ఫిబ్రవరి
చెరువు కట్టకు పరిచినట్టే లోపలివైపు రాయి పరిచాం. ప్లానులో బయట, సముద్రం వైపు కూడా గీసి ఉంది. ఇంజనీరు ఊళ్లో లేడు. ఇది మాతో ఊరికే చాకిరీ చేయించే ఎత్తు, పరవొద్దు అని ఎగిరాను. మాతో తట్టలు మోసే గుర్వమ్మవ్వ, గీ సముద్రం మనదిక్కే వస్తాంది బిడ్డా, బయట గూడ ఎయ్యుండ్రి అంది. మూఢత్వమన్నాను. చదివిన కొడుకునని బాపు నా మాటే విన్నాడు.

16 ఫిబ్రవరి
అమావాస్య పోటు బయటివైపు నుంచి కట్టను తినేసింది. మట్టంతా పోయింది.
మెట్టవాళ్లకు సముద్రం ఏం తెలుసు, మళ్లీ కట్టండి, పౌర్ణమి పోటుకు నిలవకపోతే మూటలు సర్దుకోండి అన్నాడు తిరిగొచ్చిన ఇంజనీరు. రక్తం మరిగింది. మీదికి పోయాను. బాపు నా అంగీ పట్టి గుంజి, ఆయనన్నదాంట్ల తప్పేముందిరా, పోయింది మన కట్టనే గదా, పార పట్టు అన్నాడు.

17 ఫిబ్రవరి
అందరి ముందు తప్పు నాదేనన్నాను. గుర్వమ్మవ్వ కాళ్లు పట్టుకున్నాను. లే బిడ్డా, నీ కాయితాలల్ల సముద్రం లేకపాయె, నువ్వేం జేస్తవ్ అంది. అందరూ విరగబడి నవ్వారు.

24 ఫిబ్రవరి
రాయి. రాయి. రాయి. ఈసారి బయటివైపు కూడా. చేతులు పగిలి కలం నిలవడం లేదు.

3 మార్చి, పొద్దున
నిలిచింది! పౌర్ణమి పోటు కట్టను ఎంత గుద్దినా ఒక్క రాయి కదల్లేదు. ఇంజనీరు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి వచ్చి, మేస్త్రీ గారూ అన్నాడు. నిన్నటి దాకా ఏయ్ అనేవాడు. గారు గీరు ఎందుకు సారూ, జర అందరికి చాయ్ తాపియ్యుండ్రి అన్నాడు బాపు. నా ఛాతీ అంగీలో పట్టలేదు.

12 మార్చి, ఆదివారం
పార్కు తెరిచారు. జనమంతా కొలను చూశారు. మేం నలభై మందిమి కట్ట బయట, సముద్రానికి వీపు పెట్టి నిలబడి, రాళ్లు చూశాం.