దగ్గకుండా వచ్చిన మరిది

నగరి,
ఆదివారం

పునీత్‌కు,

కంప్యూటర్లో టైప్ చేస్తే నేను ముగించేలోపే చెన్నైలో కూర్చుని నువ్వు చదివేస్తావన్న భయం ఇంకా పోలేదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

మా ఇంటి కంప్యూటర్‌ను అక్కడి నుంచే నడిపే సాఫ్ట్‌వేర్ పెట్టావు. సాయం చేయడానికేనని తెలుసు. కానీ ఆన్ చేయగానే అది తనంతట తాను మొదలయ్యేలా, నన్ను అడగకుండానే నీ సొంత పాస్‌వర్డ్‌తో నువ్వు లోపలికి వచ్చేలా పెట్టావు. పోయిన వారం నేను వంటింట్లో ఉన్నప్పుడు వచ్చి, చీర అంచు డిజైన్‌లో ఒక మూలన ఆకు లేదని నువ్వే గీసిపెట్టావు. అది నేను మరిచిపోయిన ఆకు కాదు. మా పుట్టింటివాళ్లు తమ నేతకు గుర్తుగా అక్కడ ఒక ఆకు గీయకుండా వదిలేస్తారు. చూసుకోకుండా మగ్గానికి ఎక్కించాను. నాలుగు చీరలు దిగాక మా అమ్మ వచ్చి చూసి, "ఇది యాడ కొన్నావే? మన నేత మాదిరి లేదే" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

సొంత అన్న ఇల్లయినా నువ్వు వాకిట్లో దగ్గి గానీ లోపలికి రావు. కంప్యూటర్‌కూ అదే మర్యాద.

ఇకమీదట ఆ సాఫ్ట్‌వేర్‌ను అవసరమైనప్పుడు నేనే తెరుస్తాను. ప్రతిసారీ మారే పాస్‌వర్డ్‌ను ఫోన్లో చెబుతాను. పని కాగానే మూసేస్తాను. "ఊరికే అడగతా ఉండాలంటే కష్టం వదినా" అంటావు. అడుగు.

నువ్వు గీసిన ఆకును ఈ పొద్దున చెరిపేశాను. నువ్వు పెట్టుకున్న పాస్‌వర్డ్‌ను కూడా.

మీ వదిన