చెప్పని ప్రార్థన అంశం

బుధవారం, సంత్రాగాఛి

సాయంత్రం ప్రార్థన కూటం మా రైల్వే క్వార్టర్‌లోనే జరిగింది. ఎప్పటిలాగే పాస్టరు అయ్యగారు ఒక్కొక్కరినీ ప్రార్థన అంశం అడిగారు. పక్కింటి సలోమి పిన్ని తన మోకాళ్ల నొప్పులు చెప్పి, నావైపు తిరిగింది.

"నీకేటీ అంశం లేదేటి కరుణా? మొకం పీక్కుపోనాది."

"ఏటీ లేదు పిన్నీ, అంతా దేవుడి దయ."

రొమ్ములో గడ్డ సంగతి అక్కడ చెబితే, ఆమెన్ అనేలోగా కాలనీ అంతా తెలుస్తుంది. మా ఆయనకే ఇంకా చెప్పలేదు. రేపు సాల్ట్ లేక్ ఆసుపత్రికి వెళ్లి పరీక్ష రిపోర్టు తెచ్చుకోవాలి.

పిన్ని మోకాళ్ల కోసం నేనే ప్రార్థించాను. గొంతు ఎక్కడా వణకలేదు. అందరూ స్తోత్రం, స్తోత్రం అంటుంటే నామీద నాకే ఒళ్లు మండింది.

వాళ్లు వెళ్లాక చాపలు మడుస్తుంటే తట్టింది. గడ్డ చేతికి తగిలినప్పటి నుంచి దేవుడికి కూడా చెప్పలేదు. రోజూ మోకరిస్తూనే ఉన్నాను, అందరి జబ్బులూ ఆయనకు అప్పజెబుతూనే ఉన్నాను, నాది తప్ప.

సగం మడిచిన చాప మీదే మోకరించాను. "ప్రేమగల పరలోకపు తండ్రీ" అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆ తర్వాత నోటికి వచ్చేవన్నీ కూటంలో చెప్పే మాటలే.

"నాన్నా, భయమేస్తోంది," అన్నాను.

ఇంకా ఆమెన్ అనలేదు.