చేతికిచ్చిన తుపాకి

ఇబ్రహీంపట్నం,
1949 ఫిబ్రవరి

నాయనా ఇశ్రాయేలూ,

మీ నాయనమ్మ సుసన్న దీవించి రాస్తున్నది. దీవెన అలవాటుకొద్దీ వచ్చింది. మిగతాది చదివాక దాన్ని ఉంచుకోవాలో తిప్పి పంపాలో నువ్వే తేల్చుకో.

మన యాదయ్య పట్నంలో చేపలమ్మి వస్తూ గంపలో పరిచిన పత్రిక ఒకటి తెచ్చాడు. నీచు తుడిచి చూస్తే ఫొటో. ఐదుగురు మనుషులు, చేతుల్లో తుపాకులు. "రాచకొండ గుట్టల్లో మిలిటరీతో పోరాడి పట్టుబడిన కమ్యూనిస్టు దళం" అని కింద అచ్చువేశారు. నడిమధ్యన నిలబడ్డది మన అంజిలయ్య. నిన్ను వీపు మీద వేసుకుని చెరువులో ఈత నేర్పిన అంజిలయ్య. రజాకార్లు ఊరి మీద పడ్డనాడు పొద్దంతా తుంగలో కూర్చుని, సాయంత్రం పెళ్లాం ఈదమ్మ కేకేస్తే గాని బయటికి రాని మనిషి. ఆయన ఇప్పుడు పటాలంతో యుద్ధం చేశాడట. పెళ్లానికి ఎదురు చెప్పలేని వాడికి ఇంత ధైర్యం ఎక్కడిదని నేను పత్రికను రెండుసార్లు తిప్పి చూశాను.

ఫొటో కింద తీసినవాడి పేరు లేదు. పేరెందుకు? ఐదుగురికీ గడ్డం కాస్త పైకి, ఎడమ భుజం కాస్త ముందుకు. నా ఫొటోలో, మీ చెల్లెలి పెళ్లి ఫొటోలో, చివరికి పాస్టరుగారి ఫొటోలో కూడా నువ్వు అట్లాగే నిలబెట్టావు. గుట్టల్లో పట్టుబడ్డ దళం నీ స్టూడియోలో పెళ్లివారిలా నిలబడింది.

ఇంకొకటి. పత్రికవాళ్లు కింది భాగం కోసేశారు గాని, మూలన ఒక చెప్పు మిగిలింది. మనవాళ్లు దొర ముందైనా కెమెరా ముందైనా చెప్పులు విడిచి నిలబడతారు. కాల్పుల మధ్య పట్టుబడ్డ వాళ్లు చెప్పులు విడిచి పక్కన పెట్టుకున్నారా?

అంజిలయ్య తరఫు వకీలు పరమేశ్వర్ చెప్పేదేమంటే, వచ్చే నెల ట్రిబ్యునల్ ముందు విచారణ. పోరాటం చూసిన సాక్షులు లేరు, తూటా గాయాలు లేవు. ఈ ఫొటో ఒక్కటే రుజువు. అది నిలిస్తే ఉరి, దయదలిస్తే యావజ్జీవం.

తీసింది నువ్వేనా? అవునో కాదో రాయి. కబుర్లు వద్దు.

నీ నాయనమ్మ,
సుసన్న


ఇబ్రహీంపట్నం,
1949 మార్చి

ఇశ్రాయేలూ,

నీ ఉత్తరం అందింది. అవునో కాదో రాయమంటే మూడు పేజీలు రాశావు. అందులో అవును అన్నది మూడో పేజీ అడుగున దొరికింది.

నీ వాదన శ్రద్ధగా చదివాను. స్టూడియోలో పెళ్లికొడుకు చేతికి మనమే గడియారం పెడతాం, పక్కన బల్ల మీద రేడియో పెడతాం, వెనక తెర మీద పూలతోట గీయిస్తాం, అది అబద్ధమని ఎవరూ అనలేదు, మిలిటరీ క్యాంపుకు పిలిపించిన ఆఫీసరు తుపాకులు పెట్టమంటే అదీ అట్లాంటిదే అనుకున్నాను అన్నావు. నాయనా, గడియారం పెట్టుకున్నందుకు పెళ్లికొడుకును ఎవరూ ఉరి తీయరు. గడియారం నీదని ఫొటో చూసే చుట్టాలందరికీ తెలుసు. తుపాకి ఆఫీసరుదని పత్రిక చదివేవాడికి ఎవరు చెప్పాలి?

"నేను మీట నొక్కాను, అంతే" అనీ రాశావు. ఆ మాట దగ్గర కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. ఎందుకంటే అంతకు ముందురోజే ఈదమ్మ వచ్చి నా అరుగు మీద కూర్చుని పోయింది. గట్టు మీద వల ఆరేస్తున్న వాళ్లను జవాన్లు జీపులో వేసుకుని పోయిననాడు, మొగుడికి రొట్టెలు కట్టుకుని క్యాంపు కంచె దాకా పోయిందట ఆమె. అంతా చూసింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"జవాను తుపాకి ఇయ్యవోతె మా ఆయన చేతులు ఎనకకు వెట్టుకున్నడు పంతులమ్మా. కొట్టిండ్రు. అయినా పట్టలె. గప్పుడు మీ పిలగాడు కెమెరా నల్లగుడ్డల నుంచి తలకాయ బయటికి దీసి, మామా, పట్టుకో, ఏం గాదు, ఫొటో కోసమే, దిగినంక ఇడిశిపెడ్తరు అన్నడు. మీ పిలగాడు గదా అని పట్టుకున్నడు."

ఇది చెప్తూ ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలికయ్యేది.

వదిలేస్తారని ఆఫీసరు నీకు మాటిచ్చాడన్నావు. నమ్మావో, నమ్మినట్టు ఉండటం సులువైందో అది నీకే తెలియాలి.

ఇక పని మాట. మీ వృత్తిలో ఫొటో అడిగినవాడికి, బొమ్మ పడ్డ గాజు పలక స్టూడియోకి అని నువ్వే ఒకప్పుడు చెప్పావు. కాబట్టి పత్రిక కోసిపారేసిన భాగం కూడా పలక మీద ఉండాలి. క్యాంపు వాళ్లు అడిగితే పగిలిందన్నానని రాశావు గాని, నిజంగా పగిలిందో లేదో రాయలేదు. వాళ్లకూ నమ్మకం కుదరలేదు. నిన్న జీపు మన వాకిట్లో ఆగింది. పెట్టెలు తీశారు, బియ్యం కుండలో చెయ్యి పెట్టారు, గోడ మీది మీ తాత ఫొటో దింపి అద్దం పగలగొట్టి వెనక వెతికారు. బతికున్నప్పుడు కూడా ఆయన దగ్గర ఎవరికీ ఏమీ దొరకలేదని చెప్పాను. జవానుకు తెలుగు రాదు. లేకపోతే నవ్వేవాడేమో. వాళ్లు పోయాక చాలాసేపు గాజుపెంకుల మధ్యనే కూర్చున్నాను.

పలక ఉంటే తీసుకుని విచారణకు రా. ఏం జరిగిందో నీ నోటితో చెప్పు. స్టూడియో మూయిస్తారు, లోపల వేస్తారు అని భయపడ్డావు. వేస్తారు. ఏం కాదని చెప్పి నిన్ను రప్పిస్తే, నువ్వు అంజిలయ్యకు చేసిందే నేను నీకు చేసినదాన్నవుతాను.

నువ్వు రాకపోతే నేను బోనెక్కుతాను. పలక లేకుండా ముసలిదాని మాట ఎంత నిలుస్తుందో తెలియదు. అయినా నా మనవడు ఏం చేశాడో పేరుపెట్టి చెప్తాను. ఆ తరువాత నువ్వు నా గుమ్మం తొక్కకపోయినా సరే.

సుసన్న


ఇబ్రహీంపట్నం,
1949 ఏప్రిల్

నా బంగారు తండ్రీ,

ఈ ఉత్తరం నీకంటే ముందు జైలు ఆఫీసువారు చదువుతారట. అయ్యా, చదవండి. తప్పులుంటే దిద్ది ఇవ్వండి. నేను నలభై ఏళ్లు మిషన్ బడిలో పిల్లలకు అదే చేశాను.

విచారణ రోజు వకీలు నన్ను పిలవబోయేవరకు నువ్వు రాలేదు. ఈదమ్మ నా పక్కన కూర్చుని గుమ్మం వైపు చూడటం మానేసింది. నేను లేచి రెండడుగులు వేశాక కదా నువ్వు వచ్చావు, గుడ్డలో చుట్టిన పలకను పసిపిల్లలా ఎత్తుకుని. నాకు కోపమే వచ్చింది. ఇంత ఆలస్యంగా రావడం మీ తాత పోలిక.

జడ్జి పలకను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూసినప్పుడు నాకూ కనిపించింది. మనుషుల పాదాల పక్కన చెప్పుల వరుస, తెరిచిన తుపాకుల పెట్టె, దాని మీద కాలు పెట్టి నిలబడ్డ జవాను. పలక ఒక్కటే చాలునని నువ్వక్కడితో ఆగి ఉండవచ్చు. నిలబెట్టింది ఎవరని సర్కారు వకీలు అడిగినప్పుడు ఆఫీసరని చెప్పి ఉండవచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ నువ్వు నేల చూపులు చూసి, "తుపాకి పట్టుకొమ్మన్నది నేనే. ఆఫీసర్ చెప్తె పట్టలె. నేను చెప్పినందుకే పట్టుకున్నడు" అన్నావు. ఆ మాటకే నీకు జైలు. ఆఫీసరుకు బదిలీ అయిందట. వెళ్లేముందు విందు కూడా చేశారట.

మట్టల ఆదివారం ముందు అంజిలయ్యను, మిగతా నలుగురిని వదిలారు. మనిషి సగమయ్యాడు. కుడిచేతి రెండు వేళ్లు వంగడం లేదు. నువ్వు అడగమన్నట్టే, గట్టు మీద వల బాగుచేసుకుంటుంటే పోయి అడిగాను. మావాడికి ఏమని రాయమంటావు అని.

చాలాసేపు ముడి వేయడానికే చూశాడు. వేలు వంగక జారిపోతున్నది. నేను సాయం పట్టబోతే వద్దన్నాడు.

"కొట్టినోళ్ల మీద నాకేం లేదు పంతులమ్మా. ఆళ్లు నాకు ఎరికున్నోళ్లు గాదు" అన్నాడు. తరువాత, "ఆణ్ని బయటికి రానియ్యి. వచ్చినంక సూద్దాం" అన్నాడు.

అంతే అన్నాడు. నిన్ను క్షమించాడని రాస్తే నీకు ఈ రాత్రి నిద్రపడుతుంది, నాకూ పడుతుంది. కానీ ఆయన అనని మాట ఆయన నోట్లో పెట్టడానికి నా చెయ్యి రాలేదు. అన్నది అన్నట్టే పంపుతున్నాను. దాచుకో.

నేను తిరిగివస్తుంటే ఈదమ్మ చేపలు కడుగుతూ, తల ఎత్తకుండానే, "జైల్ల ఏం వెడ్తరు, అన్నమా, రొట్టెనా?" అని అడిగింది. ఎందుకని నేను అడగలేదు. తెలియదన్నాను.

ఏం పెడతారో రాయి. ఆమెకు చెప్పాలి.

నీ కోసం చూస్తుండే
నాయనమ్మ సుసన్న